నయాగరాకు డ్యూటీ చార్టు

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదో తంతు. అమ్మానాన్నలకు వీసా స్టాంపు పడిందో లేదో, విమానం టికెట్ల కన్నా ముందే ‘ట్రిప్పు ప్లాను’ వచ్చేస్తుంది. పిల్లలు న్యూజెర్సీలో ఉంటే నయాగరా, డాలస్‌లో ఉంటే గ్రాండ్ కాన్యన్, కాలిఫోర్నియాలో ఉంటే లాస్ వేగాస్. మూడు రోజులు, అయిదు ఊళ్లు, ఆరు వందల ఫొటోలు! తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే చాలామంది పెద్దవాళ్లు చెప్పేవి రెండే... కారు కిటికీ, పెట్రోలు బంకులో బాత్రూమ్.

జనగామలో ఓ రిటైర్డు ఆర్టీసీ డ్రైవరు ఇంటికి 2025 మార్చిలో అలాంటి ప్లానే ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. పంపింది న్యూజెర్సీ ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు. జులై 4 అమెరికా స్వాతంత్య్ర దినం. ఆ ఏడాది శుక్రవారం పడింది కాబట్టి మూడు రోజులు వరసగా సెలవు. గురువారం ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదింటికి బయల్దేరడం, తెల్లారేసరికి నయాగరా. శనివారం సెయింట్ లారెన్స్ నదిలోని థౌజండ్ ఐలాండ్స్. ఆదివారం వాట్కిన్స్ గ్లెన్ జలపాతాలు, కార్నింగ్ గాజు మ్యూజియం చూసుకుని రాత్రికి ఇల్లు. సోమవారం పొద్దున మళ్లీ ఆఫీసు. రంగురంగుల పట్టిక, ప్రతి ఊరి పక్కనా ఓ చిన్న బొమ్మ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఆయన కొడుకును ‘ఏమేం చూస్తాం’ అని అడగలేదు. ‘డ్రైవరు ఎన్నింటికి పడుకుంటడు?’ అని అడిగారు.

మూడు డిపోల లెక్క

ఆ ప్రశ్న వెనక 35 ఏళ్ల సర్వీసు ఉంది. 1986లో ఆర్టీసీలో చేరి మొదట మహబూబాబాద్ డిపో, తర్వాత భూపాలపల్లి, చివరి తొమ్మిదేళ్లూ సొంతూరు జనగామ. ఇప్పుడంటే ఈ మూడూ మూడు జిల్లాలు. 2016 అక్టోబరు దాకా అన్నీ వరంగల్ జిల్లాలోనివే. ఒకే జిల్లా అయినా రోడ్ల స్వభావాలు వేరు వేరు. జనగామ మీదుగా పోయే హైదరాబాద్-వరంగల్ హైవే మీద బండి దానంతటదే పోతున్నట్టుంటుంది, కళ్లు మూతపడేది కూడా అక్కడే. భూపాలపల్లి వైపు దూరం తక్కువే కానీ బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు ముందుంటే గంట దారి రెండు గంటలవుతుంది. మహబూబాబాద్ వైపు పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే వాగులు రోడ్డెక్కుతాయి. ఆకేరు పొంగిన ఓ రాత్రి కల్వర్టుకు ఇవతలే బస్సు ఆపేసి, ప్రయాణికులు తిడుతున్నా కదలకుండా తెల్లారేదాకా కూర్చున్న అనుభవం ఆయనకుంది. అందుకే ఆయన దృష్టిలో దారి అంటే కిలోమీటర్లు కాదు, గంటలు. ‘రాయి మీద రాసిన దూరం సర్కారుది. పట్టే టైము మనది’ అంటారు.

కొడుకు ప్లానును అలాగే గంటల్లోకి మార్చారు. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గీతలు గీశారు. ఎడిసన్ నుంచి నయాగరా సుమారు 390 మైళ్లు. మనం హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లే దూరం కన్నా ఎక్కువే. అక్కడి నుంచి థౌజండ్ ఐలాండ్స్ నాలుగు గంటలు. తిరుగుదారి, మధ్యలో జలపాతాలు, మ్యూజియం... మొత్తం కలిపితే వెయ్యి మైళ్లు దాటింది. అంటే 1,600 కిలోమీటర్ల పైమాటే! స్టీరింగు మీద ఒకే మనిషి. అందులో మొదటి ఏడు గంటలు రోజంతా కంప్యూటరు ముందు కూర్చున్నాక, రాత్రిపూట.

‘‘బాపూ, రాత్రయితే రోడ్లు ఖాళీగుంటయి. పాప కూడ నిద్రపోతది’’ అన్నాడు కొడుకు ఫోన్లో.

‘‘పాప నిద్రపోతది. మీ అమ్మ నిద్రపోతది. నీ పెండ్లాము నిద్రపోతది. ఆ నిద్రంత చూసుకుంట నువ్వొక్కనివే ఎట్ల మేల్కొని ఉంటవు రా?’’

రాత్రి రెండింటి నుంచి అయిదింటి దాకా మనిషి శరీరం ఎవరి మాటా వినదు. టీ తాగినా, అద్దం దించినా, పాటలు పెట్టినా అది రెప్ప వేసి తీరుతుంది. ఈ సంగతి డాక్టర్లు చెప్పకముందే నైట్ డ్యూటీ డ్రైవర్లకు తెలుసు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకు మించకుండా అరగంట విశ్రాంతి అని రాసింది. ఆయన సర్వీసంతా ఆ లెక్కతోనే నడిచింది, కనీసం కాగితం మీద! అమెరికాలోనూ లారీ డ్రైవర్లకు పదకొండు గంటలకు మించి నడపకూడదనే నిబంధన ఉంది. సొంత కారులో సొంతవాళ్లను ఎక్కించుకున్న వాడికే ఏ చట్టమూ లేదు. ఏటా అక్కడి రోడ్ల మీద దాదాపు 40 వేల మంది చనిపోతున్నారు. మన దేశం లెక్క అంతకన్నా ఘోరం. 2022 ఒక్క ఏడాదే 1,68,491 మంది. ఆ అంకెల సంగతి ఎలా ఉన్నా, సెలవుల్లో విహారానికి వెళ్లి అమెరికా రోడ్డు ప్రమాదంలో తెలుగు కుటుంబం అన్న వార్త పేపర్లో వచ్చిన రోజున, పిల్లలు అక్కడున్న ఇళ్లలో అన్నం ఎవరికి సహిస్తుంది?

కొడుకు మూడు రోజులు ఫోన్ చేయలేదు. అలిగాడని తల్లికి అర్థమైంది. ఆ అలక ఈ ప్లాను గురించి మాత్రమే కాదు.

పండగ డ్యూటీ

పండగంటే అందరికీ ఇంటికి పోవడం. ఆర్టీసీ డ్రైవరుకు ఇంటికి రాకపోవడం! దసరాకు స్పెషల్ బస్సులు, సంక్రాంతికి స్పెషల్ బస్సులు, రెండేళ్లకోసారి మేడారం జాతర డ్యూటీ. 2015 గోదావరి పుష్కరాలప్పుడు కాళేశ్వరం దారిలో వాహనాలు బారులు తీరితే, ఆయన బస్సు దిగకుండా ఎన్ని గంటలున్నారో ఆయనకే లెక్క లేదు. సంస్థ ఇచ్చిన కుటుంబ పాసు మీద భార్య, కొడుకు, కూతురు యాదగిరిగుట్ట వెళ్లారు, వేములవాడ వెళ్లారు. ఆ బస్సుల్లో డ్రైవరు ఎప్పుడూ ఇంకెవరో. ఊరందరి పిల్లల్నీ జాతరకు తీసుకెళ్లిన తండ్రి తన పిల్లల్ని ఒక్కసారీ తీసుకెళ్లలేదు. కొడుకు ఇది ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. మూడు రోజుల్లో అయిదు ఊళ్లు ఇరికించిన ఆ ప్లానులో ముప్పై ఏళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చాలన్న తొందర ఉందని మాత్రం తల్లి కనిపెట్టింది. ‘‘వానికి అన్ని చూపియ్యాల్నని ఉంటది. నువ్వేమో బస్టాండుల కంట్రోలర్ లెక్క మాట్లాడవడితివి’’ అని భర్తను కోప్పడింది కూడా.

నాలుగో రోజు తండ్రే ఫోన్ చేశారు. ‘‘వద్దంటలేను బిడ్డా. చార్టు మంచిగ రాసుకుందాం’’ అన్నారు.

అక్కడి నుంచి రెండు నెలలు ప్రతి ఆదివారం పొద్దున, అమెరికాలో శనివారం రాత్రి, ఇదే పని. గూగుల్ మ్యాప్స్ కొడుకు చేతిలో, క్యాలెండరు కాగితం తండ్రి చేతిలో. మొదటి మార్పు తేదీది. జులై 4 వారాంతం అంటే అమెరికా అంతా రోడ్డు మీదే ఉంటుంది, హోటళ్లు రేట్లు పెంచేస్తాయి. మన దసరా ముందు రోజు జేబీఎస్‌లో నిలబడ్డట్టే. దాన్ని వారం జరిపి 10వ తేదీ గురువారం నుంచి ఆదివారం దాకా చేశారు. రెండు రోజులు సెలవు పెట్టాలి. ‘పెడతా’ అన్నాడు కొడుకు, కాస్త గొణుగుతూనే.

రెండోది... బయల్దేరే సమయం. పొద్దున ఏడింటికి. దీని మీద చర్చ లేదు.

మూడోది రెండో డ్రైవరు. దూరపు సర్వీసుకు ఇద్దరు డ్రైవర్లుండాలని ఆయన పట్టు. అందుకోసం జనగామ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు దరఖాస్తు చేశారు. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు, వెయ్యి రూపాయల ఫీజు. ఏడాది చెల్లే చిన్న పుస్తకం చేతికొచ్చింది. విదేశాలకు వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఇది ఇంత సులభమని తెలియదు. పుస్తకం వచ్చిన రాత్రి ఆయన చాలాసేపు ఆలోచించారు. అక్కడ బండి కుడివైపు నడవాలి, స్టీరింగు ఎడమవైపు. ముప్పై అయిదేళ్లు ఎడమ పక్కనే నడిపిన చెయ్యి అర సెకను తికమక పడితే చాలు. ‘‘నేను నడప’’ అని మరుసటి ఆదివారం తనే చెప్పేశారు. ఒక్క ప్రమాదం లేకుండా రిటైరైన మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆ వృత్తిలోని వాళ్లకే తెలుస్తుంది.

మరి రెండో డ్రైవరు? ఫోన్లో కాసేపు మౌనం. అప్పుడు కోడలు గొంతు వినిపించింది. ‘‘మామయ్యా... నేను రోజూ ఆఫీసుకు నలభై మైళ్లు నడుపుతా.’’

రెండు నెలలుగా ఇద్దరు మగవాళ్లు డ్రైవరు కోసం వెతుకుతుంటే, లైసెన్సున్న డ్రైవరు పక్క గదిలో పాపకు అన్నం తినిపిస్తోంది! ఆ రోజే చార్టులో ఆమె పేరు చేరింది. రెండు గంటలకోసారి డ్రైవరు మారాలి, మారేటప్పుడు అందరూ దిగాలి. అక్కడి హైవేల పక్కన రెస్ట్ ఏరియాలుంటాయి. ఉచితంగా బాత్రూమ్‌లు, నీళ్లు, బల్లలు. వాటిలో ఏయే వాటి దగ్గర ఆగాలో ముందే గుర్తుపెట్టుకున్నారు. షుగరున్న తల్లికి అది సౌకర్యం కాదు, అవసరం.

అడగని మాట

చూసే ఊళ్ల దగ్గర మాత్రం ముడి విడలేదు. వాట్కిన్స్ గ్లెన్‌లో ఎనిమిది వందల పైచిలుకు మెట్లు. తల్లి మోకాళ్లకు కుదరదు, తీసేశారు. నయాగరాలో కెనడా వైపు నుంచి జలపాతం నిండుగా కనిపిస్తుందని అందరూ అంటారు. నిజమే. కానీ అమెరికా విజిటర్ వీసా మీద వెళ్లిన మన పెద్దవాళ్లకు కెనడా వీసా విడిగా ఉండాలి. అది లేకుండా పొరపాటున వంతెన వరసలోకి కారు దూరితే లేనిపోని తిప్పలు. అదీ తీసేశారు. థౌజండ్ ఐలాండ్స్ ఉంచాలా, వద్దా? కొడుకు ఉంచుదామంటాడు. తండ్రి దూరం చుట్టూ గీత గీస్తారు.

మే నెలలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు వచ్చాయి. ఈసారి డ్యూటీ లేదు. దంపతులిద్దరూ ఆర్టీసీ బస్సెక్కి ప్రయాణికుల్లా వెళ్లారు. పెళ్లయిన నలభై ఏళ్లలో అలా పక్కపక్కన కూర్చుని అంత దూరం వెళ్లడం ఇదే మొదలు. బస్సు బ్రేకు పడ్డప్పుడల్లా ఆయన కుడికాలు కిందికి నొక్కుతూనే ఉందని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. త్రివేణీ సంగమంలో మునిగి, ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు దండం పెట్టుకుని, తిరుగు బస్సులో భూపాలపల్లి దగ్గరకొచ్చాక ఆమె మెల్లగా అడిగింది. ‘‘పిట్స్‌బర్గ్ మనం పోయే తొవ్వలనే ఉంటదా?’’

పిట్స్‌బర్గ్ శివార్లలో, పెన్ హిల్స్ అనే చోట వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 1970ల్లో కట్టిన ఆ గుడి అమెరికాలోని తొలితరం హిందూ ఆలయాల్లో ఒకటి. అమెరికాలో ఇప్పుడు గుళ్లకు కొదవ లేదు. ఎడిసన్‌కు దగ్గర్లోని బ్రిడ్జ్‌వాటర్‌లోనే వేంకటేశ్వరుడున్నాడు. కానీ ఆమె మనసులో ఉన్నది పిట్స్‌బర్గే. ఇరవై ఏళ్ల కిందట పక్కింటివాళ్ల అబ్బాయి పంపిన ఫొటోలో గుట్ట మీద తెల్లటి గోపురాన్ని చూసింది. అప్పుడు కొడుకు ఇంటర్మీడియెట్. వాడు అమెరికా వెళితే ఆ కొండ ఎక్కుతానని మొక్కుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే... ఎవరూ అడగలేదు!

ఆయనకు ఆ బస్సులో మాట రాలేదు. ఓ పల్లెకు కొత్తగా బస్సు వెయ్యాలంటే ఊరివాళ్లు ఏ వేళకు ఎటు పోతారో డిపోలో వాకబు చేయడం ఆయన ఎరుగును. రెండు నెలలుగా నిద్ర, మెట్లు, వీసా, బాత్రూమ్ అన్నీ లెక్కవేసిన మనిషి, ఇంట్లో ఉన్న ప్రయాణికురాలిని ‘నీకు యాడికి పోవాల్నని ఉంది’ అని అడగనే లేదు.

ఆ రాత్రి జనగామ చేరగానే కాళ్లు కడుక్కోకుండానే కొడుక్కి ఫోన్ చేశారు.

చార్టు ఇదీ...

మొదటి రోజు ఎడిసన్ నుంచి కార్నింగ్. పెన్సిల్వేనియా కొండల మీదుగా స్క్రాంటన్, బింగ్‌హామ్‌టన్ దాటి సుమారు 240 మైళ్లు. రెండుచోట్ల ఆగడం. మధ్యాహ్నం గాజు మ్యూజియం, రాత్రి అక్కడే బస. రెండో రోజు మూడు గంటల్లోపు నయాగరా, సాయంత్రం దీపాల వెలుగులో జలపాతం. మూడో రోజు పొద్దున పడవ, మధ్యాహ్నం నుంచి నాలుగు గంటల దారి పిట్స్‌బర్గ్. నాలుగో రోజు సుప్రభాత వేళకు గుడి, ఆ తర్వాత ఇంటిదారి. అది ఆరు గంటల దాకా పడుతుంది కాబట్టి మూడు స్టాపులు. చిత్రమేమిటంటే మైళ్లు పెద్దగా తగ్గలేదు. కూడితే మళ్లీ వెయ్యికి దగ్గరే! కానీ ఏ రోజూ ఏ ఒక్కరూ మూడు గంటలకు మించి స్టీరింగు పట్టుకోనక్కర్లేదు, రాత్రి ప్రయాణం అసలే లేదు.

థౌజండ్ ఐలాండ్స్ పోయింది. కొడుక్కి కాస్త బాధగానే ఉండింది. పిల్లలతో వచ్చినప్పుడు మళ్లీ చూసుకోమని తండ్రి చెప్పారు.

జూన్‌లో విమానమెక్కారు. సామానులో సకినాలు, ఆయన బీపీ మాత్రలు, ఆమె షుగరు మాత్రలు, డాక్టరు చీటీలు, నాలుగు మడతలు పెట్టిన క్యాలెండరు కాగితం. ఆ కాగితం ఎడిసన్‌లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద చేరింది. కారులో ముందు సీటు ఎవరిదన్నది చివరి పేచీ. వెనక పాప సీటు పెట్టాక ఇద్దరికే కాళ్లు చాపుకునే జాగా ఉంది. మోకాళ్ల నొప్పి ఆమెకు కాబట్టి ముందు సీటు ఆమెదేనన్నారు పెద్దాయన. ఆమె మాత్రం మొదటి రోజు ససేమిరా అంది. ‘‘కొడుకు పక్కన కూసొని పో. ఒక్కనాడన్న పో’’ అంది.

ఆయన కూర్చున్నారు. మొదటి గంట కుడికాలు బ్రేకు నొక్కుతూనే ఉంది. రెండో గంటలో, కొండ దిగుతున్నప్పుడు కొడుకు వేగం తగ్గించిన తీరు చూసి కాలు వెనక్కి తీసుకున్నారు. వాడు ఇంజను మీద బండిని ఆపుకుంటూ దిగాడు, బ్రేకుల మీద కాదు. అది ఆయన వాడికి నేర్పింది కాదు. చిన్నప్పుడు ఎప్పుడో బస్సులో ఇంజను పక్కన కూర్చుని చూసి ఉంటాడు.

టోలు దగ్గర ఆగకుండా పోతుంటే జనగామ పక్కన కోమళ్ల టోల్‌గేటు, ఫాస్టాగ్ గుర్తొచ్చాయట. కార్నింగ్‌లో కాగే గాజును గొట్టంతో ఊది కూజా చేస్తుంటే ఆమె గంటసేపు లేవలేదు. పెంబర్తి కొలిమిలో ఇత్తడి విగ్రహాలు చేసేవాళ్లను చూసిన కళ్లకు ఆ నిప్పు కొత్త కాదు. నయాగరా పడవలో నీలం రంగు ప్లాస్టిక్ కోటు వేసుకుని ముగ్గురు ఆడవాళ్లూ తడిసి ముద్దయ్యారు. మూడో రోజు దారిలో వాన పట్టుకుంటే రెస్ట్ ఏరియాలో ముప్పావు గంట ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. పెన్ హిల్స్‌లో గుడి మెట్ల దగ్గర ఆమె కోడలి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. లోపల ఎంతసేపుంటారని ఎవరూ గడియారం చూడలేదు. చార్టులో ఆ గడి దగ్గర టైము రాయలేదు ఆయన.

సెప్టెంబరులో వాళ్లు తిరిగొచ్చేసరికి ఈ చార్టు సంగతి పాత డిపో స్నేహితుల దాకా పాకింది. మహబూబాబాద్‌లో ఒకాయన ఫొటో తీసి పంపమన్నారు. భూపాలపల్లి నుంచి మరొకాయన ఫోన్ చేశారు. ఆయన కొడుకు డాలస్‌లో ఉంటాడు. గ్రాండ్ కాన్యన్‌కు కారులో వెళ్లి రావాలని ప్లాను వేశాడట. పోనూ రానూ రెండు వేల మైళ్లు, మూడు రోజులు, నడిపేది ఒక్కడే. ‘‘నువ్వే జర చార్టు రాసియ్యాలె అన్నా’’ అన్నారాయన. పెద్దాయన ముందు ‘విమానం టికెట్టు ధరెంత’ అని అడిగారు. తర్వాత, కొడుకు నంబరు వద్దని, కోడలి నంబరు రాయించుకున్నారు.